సోరియాసిస్ రోగి రక్తంలో ఏం వెతకాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా కోనసీమలోనూ, వశిష్ఠ దాటి పాలకొల్లు, భీమవరం వైపూ మోచేతి మీదో మోకాలి మీదో తెల్లటి పొలుసుల మచ్చ లేచిందంటే ఇంట్లో పెద్దవాళ్లు అనే మొదటి మాట "రక్తం చెడింది" అని. ఆ మాట పట్టుకుని కొందరు రక్తశుద్ధి టానిక్కులకు, కొందరు పసరు మందుకు వెళ్తున్నారు. ఈమధ్య "ఇమ్యూనిటీ ప్యానెల్", "అలర్జీ ప్యానెల్" అంటూ వేల రూపాయల రక్తపరీక్షలు కూడా మొదలయ్యాయి. కొబ్బరి దింపు కూలీలు, చేపల చెరువుల కాపలాదారులు కూడా అప్పు చేసి ఇవి చేయించుకుంటున్నారు. వీటిలో రోగికి అక్కరకొచ్చేవి కొన్నే. తీరా ఆ కొన్నింటినే చాలాసార్లు వదిలేస్తున్నారు, లేదా తప్పు పద్ధతిలో చేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం, మన్నించాలి.

సోరియాసిస్‌లో రక్తం చెడదు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన కొన్ని కణాలు చర్మంలో చేరి ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్ఎఫ్ అనే సంకేత పదార్థాలను విడుదల చేస్తూ ఉంటాయి. వాటి ఒత్తిడికి, మామూలుగా నెల రోజులు పట్టే చర్మకణం ఎదుగుదల నాలుగైదు రోజుల్లోనే ముగిసిపోతుంది. పచ్చిగా పైకొచ్చిన ఆ కణాలే పొలుసులు. ఇది అంటుకునే జబ్బు కాదు, అలర్జీ అంతకన్నా కాదు. గొడవంతా చర్మంలోనే జరుగుతుంది, రక్తంలోకి వచ్చేది దాని పొంగు మాత్రమే. వరిచేలో నీరెంత నిలిచిందో మురుగు కాలువ చూసి చెప్పలేం కదా. ఆ కాలువలోకి పది చేల నీరు వస్తుంది. రక్తంలో కనిపించే వాపు (ఇన్‌ఫ్లమేషన్) గుర్తులూ అంతే. పుచ్చిన పన్ను, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి పుండు, పొట్ట చుట్టూ కొవ్వు, ఇవన్నీ అదే కాలువలో కలుస్తాయి.

కాబట్టి సోరియాసిస్ ఉందా లేదా అని తేల్చే రక్తపరీక్ష లేదు. డాక్టరు కంటితో చూసి, చేత్తో తాకి చెబుతారు. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల, గోళ్ల మీద సూదితో పొడిచినట్టుండే గుంటలు చూస్తారు. గాజు పలకతో మెల్లగా గీకితే కొవ్వొత్తి పొడిలా పొలుసు రాలి, అడుగున సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మన చెమ్మ ప్రాంతంలో వీటన్నిటికంటే ముందు చేయాల్సింది తామర కాదని తేల్చుకోవడం. మచ్చ అంచు నుంచి పొలుసు గీకి, గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, పది ఇరవై నిమిషాలు ఆగి మైక్రోస్కోపులో చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి. మచ్చ నడిమి నుంచి గీకితే దొరకవు, అంచు నుంచే గీకాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా తామరకు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే మచ్చ పళ్లెమంత అవుతుంది. సోరియాసిస్ అనుకుని రాసిన ఆయింట్‌మెంటే తామరకు ఎరువవుతుంది.

జబ్బు ఎంత ముదిరిందో కూడా రక్తం చెప్పదు. రోగి అరచేయి, వేళ్లతో కలిపి, ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. అలా ఎన్ని అరచేతుల మచ్చ ఉందో లెక్కపెట్టి, ఎరుపు, మందం, పొలుసు చూసి 0 నుంచి 72 వరకు వేసే మార్కునే డాక్టర్లు పాసీ స్కోరు అంటారు. 1978 నుంచి వాడుకలో ఉంది. పది అరచేతులు దాటితే జబ్బు గట్టిదే. ముఖం, అరచేతులు, అరికాళ్లు, మర్మాంగాల మీద వస్తే ఒక్క అరచేతి మేరైనా గట్టిదే.

ఇక పరీక్షల సంగతి. ఊళ్లలో ఎక్కువగా రాసేది ఒంట్లో వాపు ఉందా అని చూసే ఈఎస్ఆర్. నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ కలిపి, 200 మిల్లీమీటర్ల గుర్తులున్న వెస్టర్‌గ్రెన్ గొట్టంలో సున్నా దాకా ఎక్కించి, గంట తర్వాత ఎర్రకణాలు ఎంత దిగాయో చూస్తారు. ఇంత తేలిక పరీక్షలోనూ ఎన్నో తప్పులు జరుగుతాయి. గొట్టం మూడు డిగ్రీలు వాలినా రీడింగు 30 శాతం దాకా పెరగొచ్చు. సెంట్రిఫ్యూజ్ తిరిగే బల్ల మీద స్టాండు పెడితే ఆ అదురుకు రీడింగు మారిపోతుంది. మే నెలలో కరెంటు పోయి గది 38 డిగ్రీలకు చేరితే కణాలు తొందరగా దిగుతాయి, లేని వాపు ఉన్నట్టు కనిపిస్తుంది. తీసిన రక్తం గది వేడిలో నాలుగు గంటలు దాటి నిలవుంటే అందుకు తిరగబడి, ఉన్న వాపు లేనట్టు వస్తుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఈఎస్ఆర్ ఎలాగూ ఎక్కువే. వయసును బట్టి చూసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి అందులో సగం. అంటే యాభై ఏళ్ల ఆమెకు 30 వస్తే కంగారు పడక్కర్లేదు.

ఈఎస్ఆర్ కంటే సీఆర్పీ నమ్మకమైనది. కాలేయం తయారుచేసే ఈ ప్రొటీన్ వాపు మొదలైన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పెరగడం మొదలుపెట్టి, రెండు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది. వాపు తగ్గాక సుమారు 19 గంటలకోసారి సగమవుతూ పోతుంది. ఇందులో రెండు పొరపాట్లు రోజూ జరుగుతున్నాయి. మొదటిది యూనిట్. ఒక ల్యాబ్ లీటరుకు 6 మిల్లీగ్రాములు అని ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకు 0.6 అని ఇస్తుంది. రెండూ ఒకటే. ఆ చిన్న అక్షరాలు చూడకుండా రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని, జబ్బు పదింతలైందనో పదో వంతుకు తగ్గిందనో అనుకుంటున్నారు. రెండోది లేటెక్స్ స్లైడ్ పరీక్ష. చిన్న ల్యాబుల్లో సీరం చుక్కకు లేటెక్స్ చుక్క కలిపి, రెండు నిమిషాలు పలక తిప్పి, గింజకట్టిందా లేదా చూసే పద్ధతి ఇది. సాధారణంగా లీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉన్నది దీనికి అందదు. సోరియాసిస్ రోగుల్లో చాలామందికి సీఆర్పీ ఆ లోపే ఉంటుంది. పైగా రెండు నిమిషాలు దాటాక చూస్తే చుక్క ఎండిపోతూ గింజకట్టినట్టే అనిపిస్తుంది, తప్పు పాజిటివ్ వస్తుంది. తక్కువ స్థాయి వాపు తెలియాలంటే హై సెన్సిటివిటీ సీఆర్పీ అని అడిగి, అంకె వచ్చే మిషను మీద చేయించుకోవాలి.

ఆ అంకె గుండె గురించి చెబుతుంది, చర్మం గురించి కాదు. లీటరుకు 1 లోపు ఉంటే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే అది ఇన్ఫెక్షనో మరొకటో అని వెతకాలి, అది తగ్గాక మళ్లీ చేయించాలి. జలుబు, జ్వరం తగ్గి రెండు వారాలు కాకుండా ఈ పరీక్షకు వెళ్లడం డబ్బు దండగ. ముదిరిన సోరియాసిస్ ఉన్నవారికి గుండెజబ్బు, షుగరు, కాలేయంలో కొవ్వు ఎక్కువగా వస్తాయి. కాబట్టి సీఆర్పీ ఒక్కటే చూసి వదిలేయకుండా మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు (రక్తంలో కొవ్వులు), బీపీ చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటిన నడుము కొలత కూడా ముప్పు గుర్తే. దర్జీ టేపు చాలు. ఇమ్యూనిటీ ప్యానెల్‌కు పెట్టే డబ్బులో ఇవన్నీ అయిపోతాయి.

ఇప్పుడు కొన్ని రిపోర్టుల్లో ఎన్ఎల్ఆర్ అని అచ్చవుతోంది. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే అంకె అది. రెండూ తెల్లకణాల్లో రకాలే. 60 శాతం, 30 శాతం ఉంటే 2. సోరియాసిస్ రోగుల గుంపులో ఈ అంకె సగటున కాస్త ఎక్కువ ఉంటుందన్నది నిజమే. అయితే గుంపు సగటు వేరు, ఒక మనిషి రిపోర్టు వేరు. మైక్రోస్కోపులో వంద కణాలే లెక్కపెట్టే చోట, అసలు 60 ఉన్నది 50 రావచ్చు, 70 రావచ్చు. అంతటితోనే 2 కాస్తా అటో ఇటో జరిగిపోతుంది. ఇంకా ముఖ్యమైనది స్టెరాయిడ్. ఆర్ఎంపీ ఇచ్చిన ప్రెడ్నిసోలోన్ నాలుగు రోజులు మింగితే న్యూట్రోఫిల్స్ 80కి ఎక్కి లింఫోసైట్లు 15కి దిగొచ్చు. అంకె 5 దాటుతుంది. జబ్బు పెరగలేదు, అది మాత్ర చేసిన పని. పేరులేని పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిసే ప్రమాదం ఉంది కాబట్టి, రక్తం ఇచ్చేటప్పుడు మింగుతున్న ప్రతిదీ, పొడైనా లేహ్యమైనా, ఫారం మీద రాయించండి. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగితే సోరియాసిస్ అనుకోవద్దు. ఫైలేరియాకు, కొంకిపురుగులకు పేరుపడ్డ నేల మనది, ముందు వాటిని చూడాలి.

ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ పరీక్షలు పరిశోధనకు విలువైనవి. బీటా డిఫెన్సిన్-2 అనే ప్రొటీన్ సోరియాసిస్ తీవ్రతతో పాటు రక్తంలో పెరుగుతుందని కూడా తేలింది. కానీ ఇవి మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఉండే పదార్థాలు. ఆరోగ్యవంతుల్లో చాలామందికి అసలు కిట్ కొలతకే అందవు. ఒక కిట్ అంకె ఇంకో కిట్‌తో పోలదు. రక్తం తీసిన కొద్దిసేపట్లోనే సీరం వేరుచేసి, మైనస్ 70 డిగ్రీల్లో గడ్డకట్టించి పెట్టాలి. రాజోలులోనో ముమ్మిడివరంలోనో సాయంత్రం తీసిన ట్యూబు, గడ్డ కట్టిన రక్తంతోనే, రాత్రి బస్సులో హైదరాబాద్ చేరేసరికి ఆ గడ్డలోని కణాలు చస్తూ తమలోనివి వదిలేస్తాయి. మరునాడు వచ్చే అంకె రోగిది కాదు, బస్సు ప్రయాణానిది. ఆ అంకెను బట్టి మందు మార్చే డాక్టరు కూడా ఉండరు. అలర్జీ ఐజీఈ ప్యానెల్ సోరియాసిస్‌కు పూర్తిగా అనవసరం. దాన్ని చూసి వంకాయ, రొయ్యలు, ఎండు చేపలు మానేసిన వాళ్లు ఊరికే నోరు కట్టుకున్నట్టే.

స్ట్రెప్టోకాకస్ అనే గొంతునొప్పి క్రిమి సోకిందా అని చూసే ఏఎస్ఓ పరీక్ష ఒక్క సందర్భంలో పనికొస్తుంది. పిల్లలకు, కుర్రాళ్లకు గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్లంతా వానచినుకుల్లా చిన్న మచ్చలు లేస్తే, అది స్ట్రెప్టోకాకస్ రేపిన గట్టేట్ సోరియాసిస్ కావచ్చు. ఏఎస్ఓ మూడు నుంచి ఐదు వారాలకు గరిష్ఠం చేరుతుంది, మొదటి వారంలో మామూలుగా ఉందని కొట్టేయకూడదు. చర్మం మీది చీము పుండ్ల వల్ల వచ్చిన స్ట్రెప్‌కు ఇది సరిగా పెరగదు కూడా.

కీళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. సోరియాసిస్ ఉన్నవారిలో ఒక భాగానికి కీళ్లవాతం వస్తుంది. అందులో, రుమటాయిడ్ అనే వేరే కీళ్లవాతాన్ని పట్టే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు సాధారణంగా నెగటివే వస్తాయి. ఈఎస్ఆర్, సీఆర్పీ మామూలుగా ఉన్నవాళ్లూ చాలామంది ఉంటారు. "రిపోర్టులన్నీ నార్మల్, ఏం లేదు" అని పంపేస్తే కొన్నేళ్లలో వేళ్లు వంకర తిరగొచ్చు. పొద్దున లేవగానే అరగంటకు పైగా కీళ్లు పట్టేయడం, మడమ నొప్పి, ఒక వేలు మొత్తం అరటిపండులా వాచడం, గోళ్ల గుంటలు, ఇవే దానికి గుర్తులు. యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ వచ్చిందని, దాని స్ఫటికాలు కీళ్లలో చేరే గౌట్ జబ్బు అని తేల్చేయడమూ చూస్తున్నాం. చర్మకణాలు వేగంగా పుట్టి చచ్చే జబ్బులో యూరిక్ యాసిడ్ కాస్త పెరగడం మామూలే. గౌట్ ఖాయం కావాలంటే వాచిన కీలులోంచి నీరు తీసి, అందులో స్ఫటికాలు ఉన్నాయేమో చూడాలి.

రక్తపరీక్ష నిజంగా ప్రాణం కాపాడేది మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత. ఇక్కడ పొదుపు చేయకండి. ఎక్కువగా వాడే మాత్ర మెథోట్రెక్సేట్. దాన్ని తయారుచేసింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ల్యాబులో నడిపిన బృందమే. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించిందీ వారే. ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని, నోరంతా పూసి, తెల్లకణాలు పడిపోయి మనిషి పోతాడు. అట్ట మీద పెన్నుతో "ఆదివారం" అని రాయండి, షాపువాడు రాయకపోతే రాయమని అడగండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు వేసుకోవాలి.

మొదలుపెట్టే ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), కాలేయ పరీక్షలు, మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్, హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ చేయాలి. హెపటైటిస్ బీకి హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చాలదు, యాంటీ హెచ్‌బీసీ కూడా చూస్తేనే పాత ఇన్ఫెక్షన్ దాగి ఉందేమో తెలుస్తుంది. మందు మొదలయ్యాక ఒకటి రెండు వారాలకు మళ్లీ సీబీపీ, తర్వాత కొన్ని నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అంతా నిలకడగా ఉంటే రెండు మూడు నెలలకోసారి. రక్తం ఎప్పుడివ్వాలో ఎవరూ చెప్పడం లేదు. మాత్ర వేసిన ఒకటి రెండు రోజుల్లో కాలేయ ఎంజైములు తాత్కాలికంగా పెరుగుతాయి. ఆదివారం మాత్రయితే శుక్రవారమో శనివారమో పొద్దున ఇవ్వాలి. సోమవారం ఇచ్చి, కాలేయ ఎంజైమైన ఎస్‌జీపీటీ పెరిగిందని భయపడి మంచి మందును మానేస్తున్నారు. తెల్లకణాలు 3,500 లోపు, ప్లేట్‌లెట్లు లక్ష లోపు పడితే తర్వాతి మాత్ర వేయకుండా డాక్టర్ని కలవాలి. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు దీనితో కలిపి వేసుకోకూడదు, మజ్జ మీద రెండింటి దెబ్బ కలుస్తుంది. ముసలివాళ్లకు విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన వారం మాత్ర ఆపి అడగాలి, మూత్రపిండాలు మందును బయటికి పంపలేవు. గర్భం కావాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. మందు అలవాటు ఉన్నవాళ్లు, అంటే సారా, బ్రాందీ తాగేవాళ్లు, దాచకూడదు. రోగనిరోధక వ్యవస్థను అణిచే సైక్లోస్పోరిన్ వాడితే బీపీ, క్రియాటినిన్ చూడాలి. మొదటి క్రియాటినిన్ కంటే 30 శాతం పెరిగితే మోతాదు తగ్గించాలి.

పైన చెప్పిన టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ల వంటి సంకేతాలను అడ్డుకునే బయోలాజికల్ ఇంజెక్షన్లకు ముందు దాగిన టీబీ చూడాలి. దానికి చేసే ఇగ్రా పరీక్షే మన చేతికి అందే అసలైన రోగనిరోధక పరీక్ష. టీబీ ప్రొటీన్ చూపిస్తే తెల్లకణాలు ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయా అని కొలుస్తుంది. ఒక్కో ట్యూబులో నల్లగీత దాకా 1 మిల్లీలీటరు చొప్పున నాలుగు ట్యూబులు తీయాలి. లోపలి గోడంతా రక్తం అంటేలా ఒక్కోదాన్ని పదిసార్లు ఊపాలి. పదహారు గంటల్లోపు 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టి, అక్కడ 16 నుంచి 24 గంటలు ఉంచాలి. ఇంక్యుబేటర్లో పెట్టేలోపు ట్యూబులను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కలెక్షన్ సెంటర్లలో అలవాటు కొద్దీ అన్నిటితో పాటు వీటినీ ఐస్ బాక్సులో పడేస్తున్నారు. చల్లబడిన కణాలు స్పందించవు, కణాలు స్పందించగలవా అని సరిచూసే మైటోజెన్ ట్యూబు కూడా మొండికేస్తుంది, రిపోర్టు "ఇండిటర్మినేట్", అంటే తేల్చలేం, అని వస్తుంది. మండువేసవిలో బండి డిక్కీలో పెట్టినా అదే గతి. స్టెరాయిడ్ మింగుతున్నవాళ్లకూ ఇలాగే రావచ్చు. అందుకే మందులు మొదలుపెట్టక ముందే ఈ రక్తం తీయాలి. 0.35 యూనిట్లు, ఆపైన వస్తే పాజిటివ్. అంటే టీబీ జబ్బు ఉందని కాదు, క్రిమి ఒంట్లో నిద్రపోతోందని. ఛాతీ ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేల్చుకుని, నివారణ మందు మొదలుపెట్టాకే ఇంజెక్షన్. చర్మంలోకి టీబీ ప్రొటీన్ ఎక్కించి చూసే మాంటూ పరీక్ష చేస్తే 48 నుంచి 72 గంటల మధ్య చూపించుకోవాలి. కొలవాల్సింది గట్టిపడిన వాపు, ఎరుపు కాదు.

రక్తం తీసేవారికి ఒక మనవి. మచ్చ మీద సూది గుచ్చకండి. ఈ రోగులకు గాయమైన చోట కొత్త మచ్చ లేస్తుంది. టూర్నికెట్ నిమిషం దాటి ఉంచకండి. ప్లాస్టర్ అంటించి పీకితే పై చర్మం లేచొస్తుంది, ఆ చోటే మళ్లీ పొలుసు కడుతుంది. దూది పెట్టి ఐదు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే చాలు.

ల్యాబు యజమానులను కోరేది ఇంతే. రిపోర్టు మీద పద్ధతి పేరు, యూనిట్, రక్తం తీసిన గంట, ల్యాబుకు చేరిన గంట అచ్చువేయండి. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ప్యాకేజీల ప్రకటనల పక్కన, ఏ పరీక్ష ఏ రోగానికి డాక్టరు రాయాల్సిందో ఒక చిన్న పెట్టెలో వేస్తే మా ప్రాంతంలో ఎందరికో అప్పు తప్పుతుంది.

ఒక్క సందర్భంలో ఏ రిపోర్టు కోసమూ ఆగవద్దు. స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి మానేశాకో, పసరు పూశాకో ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలుతూ చలి పుడితే, లేదా జ్వరంతో చర్మం మీద చిన్న చీము పొక్కులు గుంపులుగా లేస్తే, అదే రోజు మంచం ఉన్న ఆసుపత్రిలో చేర్చాలి. దుప్పటి కప్పి తీసుకెళ్లండి, ఒంట్లో వేడి, నీరు చర్మం గుండా పోతుంటాయి. మింగిన మందుల అట్టలన్నీ, ఆ పొడి పొట్లంతో సహా, వెంట పట్టుకెళ్లండి.

ఇట్లు,
చర్మవ్యాధుల వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు కొందరు,
అమలాపురం, రాజోలు, పాలకొల్లు